ఎనిమిది చువ్వలు

కాశీపూర్‌లో ఆసుపత్రి కడుతున్నప్పుడు నేను కొత్తగా చేరిన జూనియర్ ఇంజనీరుని. ఒక్కో స్తంభంలో ఎనిమిది చువ్వలుండాలని, తగ్గితే కాంక్రీటు మీద ఒత్తిడి హద్దు దాటుతుందని లెక్క కట్టింది నేనే. నేను జ్వరంతో పడుకున్న రోజున మేస్త్రి మొదటి స్తంభానికి కాంక్రీటు పోసేశాడు. పైన ఎనిమిది చువ్వలూ కనిపిస్తున్నాయి. కానీ అవి పైపైన గుచ్చిన ముక్కలేమోనని నాకు అనుమానం. వారం ఆగి, స్తంభం అడుగున నాలుగు వైపులా చెక్కించాను. ఎనిమిదీ ఉన్నాయి.

"ఇప్పుడైనా నమ్మేరా బాబూ? ఆ కన్నాలు మీరే పూడ్సండి," అన్నాడు మేస్త్రి.

సిగ్గుపడుతూ సిమెంటు కలిపి పూడ్చాను. అయినా మిగతా స్తంభాలు పోసేటప్పుడు దగ్గరుండి చువ్వలు లెక్కపెట్టాను.