పత్యం ముగిశాక నా చేతులు

నెల రోజుల పత్యం ముగిసేసరికి నా ఒంట్లో వచ్చిన మార్పులు ఇవీ: జాకెట్లన్నీ వదులయ్యాయి. పదేళ్లుగా వదలని గ్యాస్ వదిలింది. మధ్యాహ్నం కునుకు రావడం మానేసింది. నోరు ఎంత చప్పబడిందంటే, కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో పక్కవాళ్లు చెప్తే గానీ తెలియడం లేదు. చేతులు మాత్రం ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. నేను పత్యం చేసింది ఆ చేతుల కోసమే.

మాది గద్వాల. ఇంట్లోనే మగ్గం. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసి పట్టుకోవాలి, లేకపోతే అంచు విడిపోతుంది. దారం కండెను కడుపులో పెట్టుకుని అటూ ఇటూ తిరిగే చెక్కను నాడె అంటాం. ఈ చీరకు మూడు నాడెలు కావాలి, మూడు నాడెలకు ఇద్దరు మనుషులు కావాలి. కుడివైపు నా భర్త, ఎడమవైపు నేను. పెళ్లయిన రెండో నెల నుంచి పద్దెనిమిదేళ్లు అట్లాగే కూర్చున్నాం.

పోయినేడు వానలు వెనకపట్టాక నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. ఆ తర్వాత పొక్కులు. ఆ తర్వాత తోలు పగిలి పొరలుగా లేచింది. పగిలిన వేలికి పట్టుపోగు తగులుకుని తెగేది. నా భర్త నాడె ఆపి, నేను ముడి వేసేదాకా గోడకేసి చూసేవాడు. తిట్టినా బాగుండేది.

మా వీధిలో ఒకామెకు ఇలాంటిదే నయం చేశాడని వనపర్తిలో ఒక చర్మం డాక్టర్ గురించి చెప్పారు. ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. ఆయన నా చేతులు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాడు.

"ఇంట్లనే ఉంట సార్," అన్నాను.

పూర్తిగా అబద్ధం కూడా కాదు. మగ్గం ఇంట్లోనే ఉంది కదా. జనాభా లెక్కలవాళ్లు అడిగినా, పిల్లల బడి కాగితాల్లో రాసినా నేను గృహిణినే. నేత పనివాడి కార్డు నా భర్త పేరు మీదే ఉంది. కానీ నేను అలా అన్నది అందుకు కాదని నాకే తెలుసు. మగ్గం మాట ఎత్తితే మానెయ్యమంటాడని భయం. మగ్గం ముందు కూర్చున్నప్పుడే నాకు నేనంటూ ఒక మనిషినని అనిపించేది. మిగతా వేళల్లో అత్తకు కోడలిని, పిల్లలకు అమ్మను. ఆ చోటు కూడా పోతే నాదనేది ఏమీ ఉండదు. అందుకని నోరు మూసుకున్నాను.

ఇంట్లో ఉండే ఆడమనిషి చేతులు పగిలితే సబ్బుకైనా పగలాలి, తిండికైనా పగలాలి. సబ్బు నేను అప్పటికే మూడుసార్లు మార్చాను. ఇక మిగిలింది తిండి. ఆయన ఒక కాగితం నిండా రాసిచ్చాడు. పల్లీలు, పాలు, పెరుగు, గుడ్డు, గోధుమలు, వంకాయ, చింతపండు, చేప, కోడి, కందిపప్పు నెల రోజులు ముట్టొద్దు. బియ్యం, జొన్నలు, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ తినొచ్చు. రోజూ ఏం తిన్నానో, చేతులు ఎలా ఉన్నాయో నోటుబుక్కులో రాసుకుని నెల తర్వాత రమ్మన్నాడు. ఒంటికి పడనిదేదో అప్పుడు తేలుతుందట.

పల్లీలు లేకుండా మా దిక్కు వంట చేసి చూడండి, తెలుస్తుంది. చట్నీ పల్లీలది, కూరలో పల్లీల పొడి, పోసే నూనె పల్లీలది. "పల్లీలు తినకుంట మనిషి బతుకుతదా?" అని మా అత్త మొదటి రోజే తేల్చేసింది. ఆమె లెక్కలో డాక్టర్‌కు పని లేదు, నాకు బుద్ధి లేదు. నెల రోజులే కదా, కానియ్యి అన్నాడు నా భర్త. నా గిన్నె వేరు, నా నూనె వేరు అయ్యాయి. అందరూ జొన్నరొట్టె చట్నీలో అద్దుకుంటుంటే నేను సొరకాయ ముక్కలు నములుతూ కూర్చునేదాన్ని. మొదటి వారం ఏడుపొచ్చేది. రెండో వారానికి అదీ రాలేదు. వేళకు తినడం, రాయడం, మగ్గం ఎక్కడం. "చేతులు అట్లే ఉన్నవి" అని పది రోజులు వరుసగా రాశాను. రాసేటప్పుడల్లా మొక్కుకునేదాన్ని. పల్లీలు కానీ, పాలు కానీ, ఏదో ఒకటి కానీ, జన్మలో ముట్టను, తిండి అయితే చాలు స్వామీ అని.

పన్నెండో రోజు నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ వచ్చింది. మా అక్కకు గర్భసంచి ఆపరేషన్. పోయి తొమ్మిది రోజులు ఉన్నాను. వంట నాదే, అంట్లు నావే, బట్టలు నావే. పత్యం మాత్రం తప్పలేదు. మూడో రోజుకు దురద పోయింది. ఆరో రోజుకు పగుళ్లు మూసుకున్నాయి. ఎనిమిదో రోజు మా అక్క మంచం మీద పడుకునే నా అరచేయి నిమిరి, "మెత్తగైనయే. గా డాక్టర్ దేవుడు," అంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అయితే పల్లీలే అని మా అత్త తీర్పు ఇచ్చేసింది. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నెలలో నేను సంతోషంగా ఉన్నది ఆ ఒక్క పూటే.

నేను లేని రోజుల్లో మగ్గం ఆగి ఉంటుందనుకున్నాను. ఆగలేదు. మా తోడికోడలు, అంటే మా మరిది పెళ్లాం, వచ్చి కూర్చుందట. పక్కిల్లే వాళ్లది. ఆమె పుట్టింట్లోనూ మగ్గమే. మంచి పని చేసిందని అన్నాను కానీ, ఎన్ని గజాలు నేసిందో అడగలేదు.

నేను మళ్లీ మగ్గం ఎక్కాను. తడిపిన కండెలు పట్టుకున్న రెండో రోజు సాయంత్రం చూపుడు వేలి పక్కన దురద. నాలుగో రోజుకు పగిలింది. అప్పటికీ నేను తింటున్నది సొరకాయే. జాబితాలో ఉన్నది ఒక్క మెతుకు నాలుక మీద పెట్టలేదు. మూడో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యే సంగతి. నాకూ అర్థమైంది. మిగిలిన రోజులు కూడా పత్యం ఉన్నాను. ఎందుకంటే ఏం చెప్పను, మొదలుపెట్టాను కాబట్టి. నోటుబుక్కులో ఉన్నదున్నట్టు రాశాను. ఆ పేజీలు చింపేద్దామని ఒకసారి అనిపించింది. చింపడానికి కూడా చేతులు లేవలేదు.

నెల ముగిశాక వనపర్తికి నా భర్త కూడా వచ్చాడు. ఏ తిండి పడలేదో ఆయనకూ వినాలని ఉంది. డాక్టర్ నోటుబుక్కు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, ఈ తొమ్మిది రోజులు ఎక్కడున్నావని అడిగాడు. మా అక్క దగ్గర అన్నాను. అక్కడ ఏం తిన్నావన్నాడు. ఇవే అన్నాను. మరి ఇంట్లో చేస్తూ, అక్కడ చేయని పని ఏమిటన్నాడు.

దాచడానికి ఇంక ఏముంది?

"నేను నేస్త సార్," అన్నాను. "గద్వాల చీరలు. పద్దెనిమిదేండ్ల సంది."

ఆ మాట బయటి మనిషితో అనడం నాకు అదే మొదటిసారి.

"నేసేది నేను సార్," అన్నాడు నా భర్త. "ఆమె పక్కకు కూసుంటది."

కోపంతో అనలేదు. డాక్టర్ తప్పు రాసుకుంటాడేమోనని సరిచేశాడు, అంతే. ఆయన లెక్కలో అది నిజం. నెల కిందట అదే కుర్చీలో కూర్చుని నేను చెప్పింది కూడా దాదాపు అదే కదా. ఎవరిని తప్పు పట్టను?

ముందే చెప్పి ఉంటే ఇన్ని మాన్పించేవాణ్ణి కాదని డాక్టర్ విసుక్కున్నాడు. ఇక అన్నీ తినమన్నాడు. తడికి ఊడే నూలు రంగే నీ చేతులకు పడటం లేదు, రంగునూలు, తడి కండెలు ముట్టొద్దన్నాడు. గ్లౌజు వేసుకుంటే కుదరదా అని అడిగాను. గ్లౌజు వేసుకుంటే పోగు తెలుస్తుందా అని ఆయన నన్నే అడిగాడు. తెలియదు.

"దానికేముంది సార్," అన్నాడు నా భర్త. "మా తమ్ముని పెండ్లాం కూసుంటది."

అంతే. పద్దెనిమిదేళ్ల సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోయింది. మందు చీటీ తీసుకుని బయటికొచ్చాం.

బస్టాండులో ఆయన ఉడకబెట్టిన పల్లీలు కొన్నాడు. నా వేళ్లు మండుతాయని తనే ఒలిచి చేతిలో పెట్టాడు. ఇక రెస్టు తీసుకో, మస్తు కష్టపడ్డావ్ అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నెల రోజులు వాటి కోసం ప్రాణం కొట్టుకుంది. తిన్నాను. రుచి ఏమీ తెలియలేదు. బస్సు పెబ్బేరు చేరేదాకా ఒలుస్తూనే ఉన్నాడు, నేను తింటూనే ఉన్నాను.

ఇది జరిగి నెల దాటింది. చేతులు బాగయ్యాయి. తెల్లగా, మెత్తగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. వాటితో వండుతున్నాను, వడ్డిస్తున్నాను. మగ్గం గది పక్కనే వంటిల్లు. మొదటి వారం మగ్గం చప్పుడు మాటిమాటికీ ఆగేది. ఆగినప్పుడల్లా నాకు లోపల్లోపల బాగుండేది, ఒప్పుకుంటాను. తర్వాత ఆగడం తగ్గింది. ఆ తర్వాత ఆగనే లేదు.

మొన్న వాళ్లిద్దరూ మొదటి చీర దించారు. ఎట్లొచ్చిందో చూడమని నా భర్త తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మా తోడికోడలు తలుపు దగ్గర నిలబడి నా ముఖం చూస్తోంది. చీర తీసుకుని గుమ్మంలో వెలుతురుకు ఎత్తాను. ఎడమ అంచు పట్టుకుని మొదటి జానెడు నుంచి కొంగు దాకా చూశాను. ఒక్క పోగైనా జారి ఉంటుందని, ఒక్కచోటైనా కలయిక వదులై ఉంటుందని చూశాను. కొంగు దాకా పోయి మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి చూశాను.

ఒక్క తప్పు లేదు.

"మంచిగొచ్చింది," అన్నాను.