మావయ్యగారి హద్దురాయి

నిన్న సాయంత్రం హైటెక్ సిటీ ఆఫీసు నుంచి వచ్చి, మా మియాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు ఆపుతున్నాను. కొత్తగా దిగిన దంపతులకు మూడో అంతస్తు పెద్దాయన ఏదో చూపిస్తున్నాడు. "చాలా మహిమగల రాయండి. అపార్ట్‌మెంట్ కట్టకముందు నుంచీ ఇక్కడే ఉందట." స్తంభం పక్కన పసుపు, బంతిపూలతో నిలబడ్డ ఆ ఎర్రరాయిని చూసి నాకు నవ్వొచ్చింది. వెంటనే మా మావయ్యగారు గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది.

మా ఆయన తండ్రి. ఉద్యోగమంతా సర్వే శాఖలో గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషి. కొలవందే దేన్నీ నమ్మేవారు కాదు. నేనిచ్చిన కాఫీ గ్లాసును కూడా ఓసారి కంటితో కొలిచేవారు. రిటైరై మా దగ్గరికి వచ్చాక, మతాలు ఎలా పుడతాయో తేల్చుకోవాలని పట్టుదల పుట్టింది. "వాళ్లూ వీళ్లూ చెప్పింది వినడమెందుకమ్మాయ్, మూలం చదివితే పోలా?" అని హిందువులవి, ముస్లింలవి, క్రైస్తవులవి, బౌద్ధులవి, తెలుగులో దొరికిన పవిత్ర గ్రంథాలన్నీ తెప్పించుకున్నారు. పెన్సిల్ పట్టుకుని, భూమి రికార్డులు తనిఖీ చేసినట్టు చదివేవారు. ఇంట్లో నా ఆఫీసు కాల్స్ గోల భరించలేక ఓ రోజు కుర్చీతో సహా సెల్లార్‌కు దిగిపోయారు. వెనక్కి వచ్చే కార్లు కుర్చీకి తగలకుండా ఒక రాయి నిలబెట్టించి, గేటుకు వేయగా మిగిలిన ఎర్రరంగు పూశారు. హద్దురాళ్లు పాతిన చేయి ఊరుకుంటుందా మరి!

మనవాళ్ల సంగతి తెలిసిందే. నెల తిరక్కుండా రాయికి పసుపు, తర్వాత పూలు, ఆ తర్వాత కొబ్బరికాయ. పుస్తకంలో తలదూర్చిన ఆయన ఆలస్యంగా చూశారు. చూశాక చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. "ఇన్ని పుస్తకాల్లో వెతుకుతున్నది నా కుర్చీ పక్కనే మొలిచిందమ్మాయ్!"

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. వాచ్‌మన్ కూతురికి వారమైనా జ్వరం తగ్గలేదు. తల్లి వచ్చి రాయి ముందు కూర్చుని ఏడ్చింది. రాయిని నమ్ముకుని పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లదేమోనని మావయ్యగారికి భయం పట్టుకుంది. నన్ను తోడు పిలిచి, నేరం ఒప్పుకున్నట్టు ఆమెతో చెప్పారు.

"అది దేవుడు కాదమ్మా. కార్లు తగలకుండా నేను పెట్టించిన రాయి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకెర్కలేదా సార్? రంగు డబ్బా పట్టుకున్నది నేనే గద. పొద్దుగాలనే పిల్లను దవాఖానకు తీస్కపోయొచ్చిన, మందులు ఏస్తున్న. గని జరసేపు మొక్కి కూసునేతందుకు ఒక జాగ ఉండాలె. ఎవలో ఒకలు పెట్టాలె గద సార్!"

ఆ రోజు మావయ్యగారు పుస్తకం తెరవలేదు. మర్నాడు ఆమెకు చోటు సరిపోయేలా కుర్చీని రెండడుగులు పక్కకు జరుపుకున్నారు. పిల్ల కోలుకుంది. మందుల వల్లనని ఆయన, రెండింటి వల్లనని ఆమె చాలాకాలం వాదించుకున్నారు.

మావయ్యగారు పోయి నాలుగేళ్లయింది. వాచ్‌మన్ కుటుంబం సొంతూరు వెళ్లిపోయింది, అప్పటి ఇరుగుపొరుగూ ఒక్కొక్కరే మారిపోయారు. రాయి ఎవరు పెట్టారో తెలిసినవాళ్లం మా ఆయనా నేనూ మిగిలాం. నిన్న ఆ పెద్దాయనకు అసలు సంగతి చెబుదామని దగ్గరికి వెళ్లాను. కొత్తగా వచ్చినావిడ అప్పటికే చేతులు జోడించి కళ్లు మూసుకుంది. ఊరుకున్నాను. ఇంకో పదేళ్లకు మేమూ ఇక్కడ ఉండం. అప్పుడిక మావయ్యగారి రాయి నిజంగానే ఈ అపార్ట్‌మెంట్ కంటే పాతదైపోతుంది.