సుద్ద గీతలు పడిన సీసా

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు భూమి కింద డ్యూటీ చేసిన మా నాన్నకూ లేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి.

అప్పుడు నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇరిడియం కలిసిన స్ఫటికాల మీద పని. అలాంటి బరువైన లోహాల్లో ఎలక్ట్రాన్‌కు ఉండే బొంగరం లాంటి స్పిన్, ఆ ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరిగే తీరు గట్టిగా ముడిపడి ఉంటాయి. దానివల్ల వింత అయస్కాంతత్వం పుట్టాలి. కానీ అది విపరీతమైన చలిలో తప్ప బయటపడదు. మామూలు గదిలో అవి వట్టి నల్ల రవ్వలు, ఒకదానికొకటి తేడా తెలియదు.

ఫెలోషిప్ ఇక రెండు నెలలే మిగిలింది. కొలిచే మిషన్ మీద నాకు దొరికింది ఒకే రోజు, అంటే ఒకే స్ఫటికం. అందులో ఏమీ కనిపించకపోతే నా నాలుగేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఉత్తరాది ల్యాబ్‌లో పెంచిన పన్నెండు స్ఫటికాలు తెస్తూ, రామగుండంలో రైలు దిగి ఒక పూట ఇంటికెళ్లాను. మే నెల. అన్నం తిన్నాక, ఒక్కో స్ఫటికం ఒక్కో దాంట్లో ఉన్న ఆ చిన్న సీసాలు నాన్నకు చూపించాను.

డ్రిల్లింగ్ మోతకు నాన్న చెవులు ఎప్పుడో పోయాయి. కుక్కర్ కూత కూడా వినపడదు. బొగ్గు గనిలో పైకప్పును కర్రతో తట్టి, రెండో అరచేయి ఆనించి అదురు చూసేవాళ్లు. తేడాగా ఉంటే, కప్పు కూలొచ్చని అక్కడ సుద్దతో అడ్డగీతలు గీస్తారు. ఇక దాని కిందికి ఎవరూ వెళ్లరు.

నాన్న ఒక్కో సీసాను అరచేతిలో పెట్టుకుని గోటితో తట్టాడు. పదకొండు తిరిగిచ్చి, ఒకదాని మూత మీద సుద్దతో గీతలు గీశాడు.

"గిది మంచిగ లేదు బిడ్డ. దీని జోలికి పోకు."

నాకు నవ్వొచ్చింది. చదువుకున్న పొగరు కదా, నాన్న వద్దన్నదాన్నే మిషన్‌లో పెట్టాను. చల్లబడేకొద్దీ గ్రాఫ్ గీత నిటారుగా లేచింది. అయస్కాంతత్వం! ల్యాబ్‌లోనే ఏడ్చేశాను.

ఆ ఫలితం చూసి మిషన్ మీద ఇంకొన్ని రోజులు ఇచ్చారు, మిగతా పదకొండూ కొలిచాను. ఒక్కదానిలోనూ లేదు. అన్నీ ఒకే మూసలో పెరిగినవే. ఎక్స్‌రేలోనూ తేడా కనిపించలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే, ఆ సీసా మీద గీతలెందుకు గీశావని అమ్మ సైగలతో నాన్నను అడిగింది. నాన్న గొంతు వినపడింది. "పదకొండు ఒక్కతీరు పలికినయ్. అదొక్కటే వేరే పలికింది. యాడ నీ మీద పడ్తదోనని భయమైంది."

అంత చలిలో గానీ బయటపడనిది, మండుటెండలో, వినపడని మనిషి అరచేతికి ఎలా తగిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ స్ఫటికాన్ని ఏ ప్రత్యేకతా చూడకుండా ఎంచుకున్నామని థీసిస్‌లో రాశాను. మొత్తం థీసిస్‌లో అబద్ధం ఆ ఒక్క వాక్యమే.