తుపాకీకి కట్టిన పట్టు

ఆ రోజుల్లో మాటకు విలువ ఉండేదని అందరూ అంటారు. నేను మాత్రం అనను. ఒకే ఒక్క మాట రెండర్థాలు పెట్టుకుని నాకెంత పరువు తక్కువ చేసిందో నాకు తెలుసు.

అప్పుడు నేను నాచారంలో ఒక సీటుకవర్ల దుకాణంలో కుట్టుపని చేసేవాణ్ణి. (చదువు ఐదో తరగతితోనే ఆగినా, బజ్జీలు కట్టిన కాగితాలతో సహా కంటబడిందల్లా చదివి పండితుణ్ణయ్యానని నా నమ్మకం.) యజమానిని అందరం మామ అనేవాళ్లం. ఒకనాడు నేను భోజనానికి పోయినప్పుడు, హబ్సిగూడలో బ్యాంకు కాపలా కాసే మిలిటరీ కాక వచ్చి, తన రివాల్వర్ పిడికి రెండు పక్కలా బిగించే చెక్కలు విప్పి ఇచ్చిపోయాడట. మామ వాటిని నా ముందు పెట్టి, "కాకకు రేపు కాల్చే పరీక్ష ఉన్నదిరా. తప్పితే నౌకరి పోతదట. చెమటకు పిడి జారుతున్నదట. దీనికి మంచి పట్టు గావాల్నంటున్నడు. జర మనసు వెట్టి చెయ్" అని చెప్పి, సామాను కొనడానికి బస్సెక్కాడు.

తుపాకీకి పట్టా! పెళ్లికూతురు కట్టే పట్టు, ప్రాణాలు తీసే ఇనుముకా? అయినా మిలిటరీవాళ్ల మర్యాదలు మనకేం తెలుసు (అలంకరణకూ మార్కులుంటాయేమో) అనుకుని ఇంటికి పరుగెత్తాను. పట్టు అనదగ్గది ఇంట్లో ఒకటే, వదిన పెళ్లినాటి చీర. "తుపాకికి పట్టుబట్ట వెడ్తరా? ఏంది పిల్లగా, పిచ్చి లేసిందా?" అని వదిన నోటిమీద చెయ్యి వేసుకుంది. ఒకరి నౌకరి పోతుందని చెప్పేసరికి కరిగి, జరీ అంచు కత్తిరించి ఇచ్చింది. ఎర్రపట్టు, బంగారు జరీ! చెక్కలకు బిగువుగా లాగి అతికించాను.

పొద్దున్నే కాక వచ్చి పొట్లం విప్పాడు. విప్పి, బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏందిరా ఇది? నా తుపాకికి సీమంతం జేసినవా?"

"పట్టన్నరు. పట్టే వెట్టిన" అన్నాను. నాకూ రోషమొచ్చింది. (కావాలంటే నిఘంటువు తీసి చూసుకోండి.)

"చేతికి పట్టురా, చీర పట్టు గాదు! తోలు వేసి లావు చేస్తవనుకున్న!" అని అప్పుడే దుకాణంలోకి వచ్చిన మామ నెత్తి బాదుకున్నాడు.

అప్పుడు కదిలింది నా కాళ్ల కింద భూమి. జిగురు రాయిలా ఆరిపోయింది, ఊడదీసే వ్యవధి లేదు. కాక ఆ చెక్కలే బిగించుకుని, రివాల్వర్ మీద రుమాలు కప్పుకుని, పెళ్లికూతుర్ని సాగనంపే తండ్రి మొహంతో సైకిలెక్కాడు.

ఆ పూట నా కుట్టు ఒక్కటీ తిన్నగా పడలేదు. ఎండ నెత్తికెక్కాక కాక తిరిగొచ్చాడు. "అందరు పడి పడి నవ్విన్రు. గాని ఆ జరీ గరుకుకు చెయ్యి ఇంత గూడ జారలే బిడ్డా. పాసైన!" అని అరచెయ్యి చాచాడు. అందులో వదిన చీర అంచు మామిడిపిందెలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

ఆయన ఆ పట్టు తీయనే లేదు. అంచు లేని చీర కట్టినప్పుడల్లా వదిన, "నా అంచు బ్యాంకుల నౌకరి జేస్తున్నది" అనేది.

మొన్న మెట్రోలో ఊగుతుంటే మనవరాలు, "తాతా, ఆ గ్రిప్ గట్టిగా హోల్డ్ చెయ్" అంది. పొరపాటు పడడానికి సందు లేని మాట. సందు లేనందుకే కాబోలు, మనసు చివుక్కుమంది. చేతిలో ప్లాస్టిక్ నున్నగా జారుతోంది. దీనికి కాస్త ఎర్రపట్టు కడితే ఎంత బాగుండేదో అనుకుని, ఉప్పల్ వచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.