మా అమ్మ ఎక్కని మెట్టు

మా చిన్నప్పుడు... వాకిట్లో ఆరబోసిన వడ్ల మీదికి పక్కింటి రమణమ్మత్త కోడి వచ్చిందంటే చాలు, మా అమ్మ చేతిలో పని పడేసి గోడ దగ్గరికి వెళ్లేది. అవతల రమణమ్మత్త అప్పటికే సిద్ధం.

"ఏం వొదినా, నీ కోడికి మా వడ్లు తప్ప ఊళ్లో గింజలే లేవా?"

"నా కోడని దాని రెక్క మీద రాసుందా ఏంది?"

ఆ గొడవకి ఒక వరస ఉండేది. ముందు ఆ కోడి. తర్వాత ఆ ఇంటి కోళ్లన్నీ. ఆ తర్వాత ఎప్పుడో అడిగి తీసుకెళ్లి, అంచు విరగ్గొట్టి ఇచ్చిన చాట. ఆఖరికి పుట్టిళ్లు... ఎవరి పుట్టింటి పెళ్లిలో సాంబారు నీళ్లలా ఉందో. అక్కడికి చేరితే ఇద్దరికీ పొయ్యి మీది అన్నం గుర్తొచ్చేది. కోడి ఎవరిదో మాత్రం ఏనాడూ తేలలేదు.

రమణమ్మత్త మొగుడు సూళ్లూరుపేటలో ఇంకో కాపురం పెట్టాడని ఊరందరికీ తెలుసు. ఎంత కోపంలోనూ మా అమ్మ ఆ మెట్టు ఎక్కేది కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు గొడవ చాట దాకా వచ్చాక అమ్మ మాట తడబడింది. ఓడిపోతోందనుకున్నాను. సాయం చేద్దామని గోడెక్కి అరిచాను.

"అందుకే మామ నిన్ను వొదిలేసి పోయినాడు."

రమణమ్మత్త లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అమ్మ నన్ను కాలు పట్టి కిందికి లాగి, చీపురు తిరగేసింది.

"కోడి గురించి మాట్లాడతా ఉంటే మనిషిని చంపతావంట్రా?"

కొడుతూ కొడుతూ తనే ఏడ్చింది.

రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. మూడో రోజు కోడి మళ్లీ వడ్ల మీద... అమ్మ దాన్ని తోలలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. చాలాసేపటికి గోడ అవతల్నుంచి గొంతు.

"ఏం వొదినా, నా కోడి తింటా ఉంటే నోరు పడిపోయిందా?"

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీ కోడని ఇన్నాళ్లకి ఒప్పుకున్నావే."

ఈమధ్య మా వీధి వాట్సాప్ గ్రూపులో, మిషన్ కుట్టుకుని బతికే ఒకమ్మాయి తన ఇంటి ముందు నిలిచిన మురుగునీళ్ల ఫోటో పెట్టింది. చదువుకున్న కుర్రాడొకడు పెట్టిన మొదటి జవాబు... 'మొగుడి దగ్గర ఉండలేనోళ్లు కూడా కాలవల గురించి చెప్తారా' అని. కోడి లేదు, చాట లేదు, సాంబారు లేదు. సరాసరి అక్కడికే. కింద నాలుగు నవ్వు బొమ్మలు.

గ్రూపులో నూటపది మందిమి ఉన్నాం. ఒక్కరి చేతిలోనూ చీపురు లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మండి నేను వెలగబెట్టిందేమిటంటే... ఫోను జేబులో పెట్టుకుని టీ తాగడం. వాడి మీద కన్నా నా మీదే ఎక్కువ కోపంగా ఉంది. నాలుగు రోజులైంది, ఆ ఇంట్లోంచి మిషన్ చప్పుడు రావడం లేదు.

అందుకే ఇది ముందు ఆ గ్రూపులోనే పెట్టి, తర్వాత ఇక్కడ పెడుతున్నాను. నన్ను తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి... కాకపోతే కోడి దగ్గర మొదలుపెట్టి, వరసగా రండి.

మీ ఇళ్లల్లోనూ ఎంత కోపం వచ్చినా మింగేసిన మాట ఒకటి ఉండే ఉంటుంది. ఆ మాట నాకు చెప్పొద్దు. మింగిన మనిషి పేరు చెప్పండి.