లక్ష్మివారం అమ్మిన మన్ను

ఇది నిరుడు మార్గశిరం రెండో లక్ష్మివారం, పొద్దున్న ఏడు గంటలకు జరిగింది. బర్మాలో, ట్వంటే కాలువ గట్టున మా నాన్న వదిలిపోయిన మడిచెక్కలో. మడి కాగితంలో తమ్ముడి పేరుంది. నేను ఆడదాన్ని, నా పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

అది వరి పండే బంకనేల. దుంప ఊరే నేల కాదు. ఏటా వానలు తగ్గాక నేనూ మరదలూ కాలువలోంచి గుర్రపుడెక్క లాగి, కుళ్లబెట్టి, బోదెల మీద పరిచేవాళ్లం. ఊళ్లోవాళ్లు వచ్చి మా బోదెలు కట్టేవారు. మేం వెళ్లి వాళ్లవి కట్టేవాళ్లం. కూలి మాట లేదు. అలా చేయగా చేయగా చెయ్యి పెడితే మోచేతి దాకా దిగే మన్నయింది. శివరాత్రికి చిలగడదుంప తవ్వి పట్నంలో చిమిండైంగ్ బజారుకు పడవలో తెస్తే మన ఉపవాసాల ఇళ్లన్నీ కొనేవి. నా తిండి అదే.

ఆ పొద్దున్న నేను పడవ దిగేసరికి గట్టున ఇంకో పడవ ఉంది. కుండల మట్టి కొనే బర్మా బేరగాడు, పారలతో మనుషులు. తమ్ముడు మడిలో మన్ను అమ్మేశాడు.

“ఏట్రా ఇది? దుంప ఇంకా బొటనేలంతైనా ఊరనేదు. శివరాత్రి దాకా ఆగరా.”

“ఆయన ఆగనంటన్నాడప్పా.”

“లచ్చివారం పూట గుమ్మంలోంచి ఉప్పు కూడా బయటికివ్వం. నువ్వు నేలే ఇచ్చేత్తన్నావు.”

“లచ్చిమి మనింటికెప్పుడొచ్చిందప్పా, ఎల్లిపోడానికి?”

పారలవాళ్లు నవ్వారు. అందులో మా ఊరివాళ్లూ ఉన్నారు. మా బోదెలు కట్టిన చేతులే, ఆ రోజు కూలికి వచ్చాయి.

బేరగాడు మర్యాదగానే చెప్పాడు, బర్మా భాషలో. “ఆంటీ, మీ పైమన్ను మాకొద్దు. కుండకు నిలవదు. కింది బంకే కావాలి. పైది కాలువలోకి తోసేస్తాం.”

నేను బోదె మీద కూర్చున్నాను. పారలు ఆగాయి. ఒక్కరు వచ్చి పక్కన కూర్చున్నా మడి ఆ పూటకి నిలిచేది. ఎవరూ రాలేదు. చివరికి మరదలే వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది.

“లెగు వదినా. పదిమందిలో పరువు తియ్యకు.”

తీగా దుంపా మన్నూ కాలువలో పడ్డాయి. ఇప్పుడక్కడ గొయ్యి, నిలవ నీళ్లు. నేను పట్నంలో, పబేడాన్‌లో ఒకరి హోటల్ వెనక ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అడిగితే ఊళ్లో ఒక్కొక్కరూ ఆ రోజు తాము లేమంటున్నారు. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి, అందుకని రాసిపెడుతున్నాను. ఉన్నారు. నా తమ్ముడు, వాడి పెళ్లాం, మట్టి బేరగాడు, అతని పడవ నడిపేవాడు, పారలు పట్టిన ఎదురింటి అన్నదమ్ములు, గట్టున నిలబడి చూసిన ఆ అన్నదమ్ముల తల్లి, చర్చి పక్కింటి ముసలాయన, నేను.