తూటాల మిషనుకు హారతి

1991లో భాస్కరమూర్తి కొట్టిన గుండు సరిగ్గా చుక్క మధ్యలో దిగింది. జర్మనీలో హాంబర్గ్ పక్కన ఓ చిన్న ఊళ్లోని తుపాకీ క్లబ్బులో ఏటా జరిగే పోటీ అది. ఒక్క గుండుతో ఎవరు మధ్యకు దగ్గరగా కొడితే ఆ ఏడాదికి వాళ్లే రాజు. మెడలో వెండి గొలుసు వేసి, బ్యాండుతో ఊరంతా తిప్పుతారు. అయినా ఆ ఏడు గొలుసు మాంసం కొట్టు హోర్స్ట్ మెడలో పడింది. ఊరేగింపులో ముందు నువ్వు నడిస్తే జనం నవ్వుతారు, అర్థం చేసుకో అని అధ్యక్షుడు భుజం తట్టాడట. ఈయన అర్థం చేసుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టాడు. ముప్పై ఏళ్లుగా సభ్యుడిగా కొనసాగుతూనే ఉన్నాడు.

2020 ఏప్రిల్‌లో నేను ఆయనింట్లో పై గదిలో అద్దెకు దిగాను. కరోనా వల్ల గోదాము ఉద్యోగం పోయింది. పగలంతా పుస్తకాలు చదవడం, ఈ మనిషిని చూసి చిరాకు పడడం, అవే నా పనులు. రేవులో క్రేన్లు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. డెబ్బై నాలుగేళ్లు. కుడి కంటి చూపు తగ్గిపోతోంది, ఇక బాగుచేయలేమని డాక్టరు చెప్పేశాడు. మూతపడిన క్లబ్బు తెరిచాక జరిగే పోటీయే ఆయనకు ఆఖరిది. అందులో రాజు కావాలి. డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఇంకో కోరిక లేదు.

కొన్న తూటాలు ఒక్కోటి ఒక్కోలా పోతాయని, సొంతంగా తయారు చేసుకోవడానికి అంతకు ముందే కోర్సు చదివి, పరీక్ష రాసి, అనుమతి తెచ్చుకున్నాడు. లాక్‌డౌన్‌లో కెల్లర్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో, పాత వంటింటి బల్లకు మిషను బిగించాడు. పిడి లాగితే వాడేసిన ఇత్తడి గొట్టం మళ్లీ కొలతకు వస్తుంది. తుపాకీ మందు తూచి పోసి ఇంకోసారి లాగితే, కొత్త గుండు దాని మూతిలో కూర్చుంటుంది.

"అంకుల్ ఏం చేస్తుండు ఆంటీ?" అని ఆయన భార్య కుముదినిని అడిగేవాణ్ణి.

"జంతికలు వత్తుతున్నారు. మనం తినేవి కాదులే."

కెల్లర్ గడప మీద ఆయన నన్ను ఆపేవాడు. "సెల్లు బయట పెట్టు. ఆ ఉన్ని స్వెట్టరూ విప్పెయ్. ఒక్క నిప్పురవ్వ చాలయ్యా."

"గింత భయమైతే కొనుక్కోరాదు అంకుల్?"

"కొన్నవాటితో హోర్స్ట్ కొడతాడు. నావి నేనే చేసుకోవాలి."

ఇంత జాగ్రత్తపరుడు అక్టోబరు చివర దసరాకి ఏం చేశాడో చెబుతాను. పట్టుపంచె కట్టి, మిషనుకు పసుపు రాసి, పిడికి కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోశాడు. ఫొటో తియ్యమని నన్ను పిలిచాడు. సెల్లు తేవచ్చా అంటే ఇవాళ పరవాలేదన్నాడు. చూస్తే పళ్లెంలో కర్పూరం మండుతోంది. జానెడు దూరంలో మందు డబ్బా, దానికీ బొట్టు.

"గా డబ్బా ఖాళీదేనా అంకుల్?"

"పూజలో ఖాళీది ఎలా పెడతానయ్యా? నిండుగా ఉండాలి."

గుమ్మంలోంచే ఫొటో తీశాను. మా దేశంలో ఆయుధాలకు ఇలా దండం పెడతామని రాసి, దాన్ని క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పదకొండు బొటనవేళ్లు వచ్చాయి. ఆయన మొహం వెలిగిపోయింది. డబ్బాలో మందు ఉందా అని హోర్స్ట్ అడిగాడు. నిండా ఉంది అని ఈయన గర్వంగా జవాబిచ్చాడు.

నాలుగో రోజు మాస్కులు కట్టుకుని ఇద్దరు అధికారులు ఆ ఫొటో ప్రింటుతో వచ్చారు. డబ్బా, తూటాలు పట్టుకుపోయారు. మంట పక్కన మందు పెట్టినందుకు అనుమతి రద్దయింది. జనవరిలో తుపాకీ లైసెన్సు కూడా పోయింది. ఆ అధికారుల ఆఫీసుకు ఫొటో పంపింది ఎవరని ఆయన ఒక్కరినీ అడగలేదు. వేసవిలో క్లబ్బు తెరిస్తే, ఉత్త చేతులతో వెళ్లి బెంచీ మీద కూర్చుని, వేరెవరో రాజైతే చప్పట్లు కొట్టి వచ్చాడు.

నాకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని దొరికింది. వెళ్లే రోజు చెప్పిపోదామని కెల్లర్‌లోకి దిగాను. మిషను బోల్టులు విప్పుతున్నాడు.

"హోర్స్ట్ గాడే పంపిండు. మీకు తెల్వదా? మల్ల పోయి చప్పట్లు కొట్టిండ్రు," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "తొంభై ఒకటిలో తప్పు వాళ్లది. అప్పుడు అడగాల్సింది, అడగలేదు. ఈసారి ఏమని అడగను? డబ్బా నిండుగానే ఉందిగా. ఆ స్పానర్ ఇలా ఇవ్వవయ్యా."